భీముడి తుంటి కథ: కుక్కపిల్ల కీలు సడలితే ఏమవుతుంది, ఏం చేయాలి?

తిండి దగ్గర వాడి జోరు చూసి మా ఇంట్లో పెట్టిన పేరు భీముడు. లాబ్రడార్ జాతి కుక్కపిల్ల. కోల్‌కతా సాల్ట్ లేక్‌లో మేముండే బ్లాకు పార్కులో సాయంత్రం వదిలితే, వెనుక కాళ్ళు రెండూ ఒకేసారి నేలకు ఆనించి కుందేలులా గెంతుకుంటూ పరుగెత్తేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. వాడికి అప్పుడు 7 నెలలు. ఆ గెంతులు అల్లరి అనుకుని మేమూ మురిసిపోయాం.

రెండు నెలలు గడిచాక ఒక ఉదయం వాడు మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. పిలిస్తే తోక ఊపాడు కానీ ఎక్కలేదు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పడుకుని లేచేటప్పుడు ముందు కాళ్ళతో ఒళ్ళంతా లాక్కోవడం, కూర్చున్నప్పుడు ఒక పక్కకు ఒరగడం, నడుస్తుంటే నడుము అటూ ఇటూ ఊగడం. పశువైద్యుడు మత్తు ఇచ్చి కాళ్ళు కదిపి చూశారు, ఎక్స్-రే తీశారు. రెండు తుంటి కీళ్ళూ వదులుగా ఉన్నాయన్నారు. జబ్బు పేరు హిప్ డిస్‌ప్లేషియా.

"తొమ్మిది నెలల పిల్లకి కీళ్ళ జబ్బేమిటే!" అని మా అమ్మ విజయనగరం నుంచి ఫోన్లో ఆశ్చర్యపోయింది. నాకూ అదే ఆశ్చర్యం. భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ ఎక్స్-రేను ఒక యంత్రం బొమ్మలా చూడడం మొదలుపెట్టాను. అలా చూస్తే చాలా సంగతులు తేటపడ్డాయి. ఈ కబురు విన్న ప్రతి ఇంట్లో పుట్టే ప్రశ్నలు మూడే: ఇది ఎందుకు వచ్చింది? తప్పు మాదేనా? ఇప్పుడేం చేయాలి?

బంతికి సరిపోని గిన్నె

తుంటి దగ్గర ఉండేది బడి పుస్తకాల్లో మనం చదువుకున్న బంతి గిన్నె కీలు. తొడ ఎముక పై చివర ఉండే గుండ్రటి తల బంతి. కటి ఎముకలోని గుంట గిన్నె. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పూత, మధ్యలో జారుడుగా ఉండే కొద్దిపాటి ద్రవం, చుట్టూ సంచిలాంటి పొర, బయట బలమైన కండరాలు. బంతి గిన్నెలో లోతుగా కూర్చుంటేనే కాలు అన్ని వైపులా తిరుగుతూ కూడా స్థిరంగా ఉంటుంది.

ఈ జబ్బు వచ్చే పిల్లలు కూడా పుట్టేటప్పుడు మామూలు తుంటి కీళ్ళతోనే పుడతాయి. తేడా ఆ తరువాతి వారాల్లో మొదలవుతుంది. పిల్ల ఎముకల చివర్లు ఇంకా గట్టిపడలేదు. కుమ్మరి సారె మీది మట్టిలాగే అవి ఒత్తిడిని బట్టి ఆకారం తెచ్చుకుంటాయి. బంతి గిన్నె నడిమధ్యన కూర్చుని తిరుగుతూ ఉంటే దాని చుట్టూ గిన్నె లోతుగా పెరుగుతుంది. బంతి వదులై పక్కకు జరుగుతూ ఉంటే ఒత్తిడి గిన్నె అంచు మీదే పడుతుంది. అప్పుడు గిన్నె పళ్ళెంలా లోతు లేకుండా తయారవుతుంది. బంతి కూడా గుండ్రదనం పోగొట్టుకుంటుంది. అంటే సడలింపు ముందు, ఆకారం చెడడం తరువాత, ఎముకల అరుగుదల ఆ తరువాత.

కుక్కల్లో ఈ లోపాన్ని 1935లో అమెరికా పశువైద్యుడు జి. బి. ష్నెల్ తొలిసారి వివరించారు. అప్పట్లో అరుదైనదనుకున్నారు. ఎక్స్-రే వాడకం పెరిగే కొద్దీ లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్, సెయింట్ బెర్నార్డ్ వంటి జాతుల్లో ఇది మామూలేనని తేలింది. పెద్ద జాతులకే వస్తుందనుకోవడం కూడా సరికాదు. పొట్టిగా ఉండే పగ్, బుల్‌డాగ్‌లలో ఇది చాలా ఎక్కువ. పొడుగ్గా, సన్నగా, కండపుష్టితో ఉండే గ్రేహౌండ్‌లలో మాత్రం దాదాపు కనిపించదు.

కీలును పట్టి ఉంచే గాలి

బంతిని గిన్నెలో పట్టి ఉంచేది కండరాలు, సంధిబంధనాలు మాత్రమే కాదు. ఈ సంగతి తేల్చినవారిలో ఒక భౌతికశాస్త్రవేత్త ఉన్నాడు. అయస్కాంత అభివాహానికి ప్రమాణంగా మనం వాడే 'వెబర్' ఎవరి పేరో, ఆ విల్‌హెల్మ్ వెబర్. శరీర నిర్మాణ శాస్త్రం చదివిన తన తమ్ముడు ఎడ్వర్డ్‌తో కలిసి ఆయన మనిషి నడక మీద పరిశోధన చేశాడు. 1836లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆ సోదరులు ఒక మృతదేహంలో తుంటి చుట్టూ ఉన్న కండరాలనూ, కీలును కప్పిన పొరనూ కోసేశారు. అయినా కాలు ఊడి కింద పడలేదు. తరువాత కటి లోపలి వైపు నుంచి గిన్నెకు సన్నటి రంధ్రం చేశారు. గాలి లోపలికి వెళ్ళగానే బంతి గిన్నెలోంచి జారింది.

రెండు తడి గాజు పలకలను ఒకదానిపై ఒకటి ఆనించి విడదీయబోతే ఎంత మొండికేస్తాయో తెలుసు కదా, ఇదీ అలాంటిదే. కీలు లోపల పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువ. అందుకే బయటి గాలి బంతిని గిన్నెలోకి నొక్కి ఉంచుతుంది. గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలో బరువంత బలంతో ఒత్తుతుంది. లాబ్రడార్ తొడ ఎముక తల అడ్డుకోత వైశాల్యం 3, 4 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఈ పట్టు ఎంత గట్టిదైనా 3, 4 కిలోల బరువుకు మించదు. ఒళ్ళు మోయడానికి అది చాలదు. కాలు కదిలే ప్రతిసారీ బంతి పక్కకు జరగకుండా చూడడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఈ పట్టు నిలవాలంటే కీలులో ద్రవం చాలా కొద్దిగా ఉండాలి. డిస్‌ప్లేషియా వచ్చే పిల్లల కీళ్ళలో ద్రవం మామూలు కన్నా ఎక్కువగా ఉంటుందని పరిశోధనల్లో గమనించారు. ద్రవం ఎక్కువైతే బంతి జరగడానికి చోటు దొరుకుతుంది, గాలి పట్టు సడలుతుంది. జరిగిన ప్రతిసారీ కీలు పొర సాగి వాస్తుంది. వాపు వల్ల ద్రవం మళ్ళీ పెరుగుతుంది. ఒకటి ఇంకొకదాన్ని పెంచుకుంటూ పోయే వలయం ఇది.

కావడి లెక్క

నిలబడినప్పుడు కుక్క బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీద, 40 శాతం వెనుక కాళ్ళ మీద పడుతుంది. మరి వెనుక కీళ్ళకు అంత కష్టం దేనికి? జవాబు కావడిలో ఉంది.

కావడి బద్దకు ఒక చివర కుండ భుజానికి దూరంగా, రెండో చివర కుండ దగ్గరగా ఉందనుకోండి. బద్ద ఒరగకుండా ఉండాలంటే దగ్గరి కుండ బరువుగా ఉండాలి. భుజం మోసేది మాత్రం రెండు కుండల మొత్తాన్నీ. కుక్క నడుస్తూ ఒక వెనుక కాలు ఎత్తినప్పుడు రెండో తుంటి ఆ భుజం అవుతుంది. ఒక వైపు ఒంటి బరువు దూరంగా వేలాడుతుంది. రెండో వైపు పిరుదు కండరాలు కీలుకు దగ్గరగా ఉండి ఎక్కువ బలంతో లాగాలి. రెండు బలాలూ కలిసి కీలు మీదే పడతాయి. పశువైద్యంలో తరచూ ఉదహరించే ఒక విశ్లేషణ ప్రకారం, మూడు కాళ్ళపై నిలిచిన క్షణంలో ఆ ఒక్క తుంటి మీద పడే బలం కుక్క మొత్తం బరువుకు సుమారు 1.65 రెట్లు.

భీముడు అప్పుడు 28 కిలోలు. అంటే అడుగడుగునా ఒక్కో తుంటిపై 46 కిలోలు. ఆరోగ్యమైన కీలులో ఆ బలం గిన్నె అంతటా పరుచుకుంటుంది. బంతి పక్కకు జరిగిన కీలులో అంచు దగ్గరి చిన్న జాగా మీదే పడుతుంది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమే. ఆనుకునే జాగా మూడో వంతుకు తగ్గితే పీడనం మూడు రెట్లవుతుంది. మృదులాస్థి అరిగేదీ, గిన్నె అంచుల్లో సన్నటి పగుళ్ళు వచ్చేదీ ఇందుకే.

పార్కులో పిల్లలు చప్పట్లు కొట్టిన కుందేలు గెంతుకు అర్థం కూడా ఇక్కడే దొరికింది. రెండు కాళ్ళూ కలిపి గెంతితే ఒకే తుంటి మీద భారమంతా పడదు. కాలు వెనక్కి బాగా చాచాల్సిన పని కూడా తగ్గుతుంది. వాడు అల్లరి చేయలేదు. నొప్పికి తనకు తోచిన ఉపాయం కనిపెట్టుకున్నాడు. కుక్కలు నొప్పిని మూలిగి చెప్పడం తక్కువ. నడక మార్చుకుని చెబుతాయి.

ఎక్స్-రే చెప్పేది, చెప్పనిది

వైద్యుడు మత్తులో ఉన్న భీముడి మోకాలు పట్టుకుని తొడను పైకి నొక్కి, మెల్లగా పక్కకు తెరిచారు. 'టక్'మని తెలిసింది. పక్కకు జరిగిన బంతి తిరిగి గిన్నెలో పడిన గుర్తు అది. దీన్ని ఆర్టొలాని పరీక్ష అంటారు. మరినో ఆర్టొలాని ఇటలీకి చెందిన పిల్లల వైద్యుడు. 1930లలో పసిపిల్లల కోసం ఈ పరీక్షను వివరించాడు. ఇప్పటికీ పుట్టిన బిడ్డ తుంటిని పిల్లల డాక్టర్లు ఇలాగే చూస్తారు. ఈ లోపం మనుషుల్లోనూ ఉంది మరి. పసిబిడ్డ కాళ్ళను చాచి బిగుతుగా బట్టలో చుట్టడం తుంటికి మంచిది కాదని వైద్యులు చెబుతారు. జపాన్‌లో 1970లలో ఆ అలవాటు మాన్పించే ప్రచారం చేశాక ఈ సమస్య బాగా తగ్గింది. మన ఇళ్ళలో బిడ్డను చంకన ఎత్తుకుంటే కాళ్ళు విడివడి, బంతి గిన్నెలో సరిగ్గా కూర్చుంటుంది. బిడ్డకైనా కుక్కపిల్లకైనా కీలు తయారయ్యే సూత్రం ఒకటే.

ఎక్స్-రేలో చూసేది బంతిని గిన్నె ఎంత మేర కప్పిందన్నది. రెండు బంతుల కేంద్రాలను కలిపే గీతకూ, గిన్నె అంచుకూ మధ్య కొలిచేది నార్‌బర్గ్ కోణం. 105 డిగ్రీలు, ఆ పైన ఉంటే సాధారణంగా మంచి కీలుగా లెక్క. అమెరికాలో జాన్ ఓలిన్ అనే పారిశ్రామికవేత్త తన వేట కుక్కలు ఈ జబ్బు బారిన పడడంతో పూనుకోగా, 1966లో జంతువుల ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఏర్పడింది. ఆ సంస్థ 2 ఏళ్ళు నిండిన కుక్కల ఎక్స్-రేలు చూసి 7 తరగతులుగా విభజిస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గెయిల్ స్మిత్ 1980లలో రూపొందించిన పెన్‌హిప్ పద్ధతి ఇంకా ముందే, 16 వారాల వయసు నుంచే, కీలు ఎంత వదులుగా ఉందో కొలుస్తుంది. బంతిని గిన్నె నుంచి సున్నితంగా బయటికి లాగి ఎంత దూరం జరిగిందో చూస్తారు. అసలు జరగకపోతే 0, పూర్తిగా బయటికి వస్తే 1. 0.3 లోపుంటే గట్టి కీలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఎక్స్-రేలో కనిపించే తీవ్రతకూ కుక్క పడే నొప్పికీ సూటి సంబంధం లేదు. భయపెట్టే ఎక్స్-రే ఉన్న కుక్క హాయిగా తిరగవచ్చు. కొద్ది తేడా ఉన్నది కుంటవచ్చు. అందుకే వైద్యులు చికిత్సను ఎక్స్-రే చూసి మాత్రమే కాక, కుక్క నడకను, కండరాలను, ఉత్సాహాన్ని చూసి నిర్ణయిస్తారు. ఆ మొదటి రాత్రి నేను పదేపదే ఎక్స్-రేనే చూస్తూ కూర్చున్నాను. చూడాల్సింది నా కాళ్ళ దగ్గర పడుకున్నవాణ్ణి.

తప్పు ఎవరిది?

నేతి అన్నం పెట్టాం. బలం వస్తుందని కాల్షియం సిరప్ పట్టాం. నున్నటి మొజాయిక్ నేల మీద బంతి విసిరి ఆడించాం. కబురు తెలిశాక ఇవన్నీ ఒకటొకటిగా గుచ్చుకున్నాయి. శాస్త్రం చెప్పేది అంత సూటిగా లేదు.

మొదటి పాత్ర జన్యువులది. దీనికి ఒక్క జన్యువు కారణం కాదు. చిన్న చిన్న ప్రభావం చూపే జన్యువులు చాలా ఉన్నాయి. అందుకే తల్లిదండ్రులు రెండూ బాగా నడుస్తున్నా పిల్లకు రావచ్చు. అయినా ఎంపికతో తగ్గించవచ్చు. అంధులకు దారి చూపే కుక్కలను పెంచే ఒక అమెరికా సంస్థ, మంచి తుంటి ఉన్న కుక్కలనే జత కడుతూ పోయింది. 5 తరాల లోపే జర్మన్ షెపర్డ్‌లలో ఈ జబ్బు 55 నుంచి 24 శాతానికి, లాబ్రడార్‌లలో 30 నుంచి 10 శాతానికి దిగింది. జాతి కుక్క కాకపోతే రాదనుకోవడం కూడా పొరపాటే. కాలిఫోర్నియాలో 27 వేలకు పైగా వారసత్వ వ్యాధిగ్రస్త కుక్కల రికార్డులు పరిశీలించినప్పుడు, హిప్ డిస్‌ప్లేషియా విషయంలో జాతి కుక్కలకూ మిశ్రమ జాతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

జన్యువులు దారి వేస్తే, ఆ దారిలో ఎంత దూరం వెళ్ళేదీ పెంపకం మీద ఆధారపడుతుంది. ఇందులో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం తిండిది. 48 లాబ్రడార్ పిల్లలను ఈడుజోడుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రెండో జట్టు కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. 2 ఏళ్ళు వచ్చేసరికి ఎక్కువ తిన్న 24 కుక్కల్లో 16కు, తక్కువ తిన్న 24లో 7కు మాత్రమే డిస్‌ప్లేషియా ఉన్నట్టు తేలింది. ఈ ఫలితం 1992లో అచ్చయింది. అదే కుక్కలను జీవితాంతం గమనించారు. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్ళు, తక్కువ తిన్నవాటిది 13 ఏళ్ళు. బొద్దుగా ఉండడమే ఆరోగ్యమన్న మన నమ్మకానికి ఇంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు.

కాల్షియం సంగతి కూడా అంతే. చిన్న వయసులో కుక్కపిల్ల పేగులకు అదనపు కాల్షియాన్ని ఆపే శక్తి సరిగ్గా ఉండదు. ఇచ్చిందంతా పీల్చుకుంటాయి. పెద్ద జాతి పిల్లల్లో అది ఎముకల ఎదుగుదలను చెడగొడుతుంది. సమతుల ఆహారం తినే పిల్లకు పై నుంచి సిరప్ అవసరం లేదు.

నార్వేలో సుమారు 500 పెద్ద జాతి కుక్కలను పుట్టుక నుంచి గమనించిన అధ్యయనంలో మరో విషయం బయటపడింది. 3 నెలల లోపు రోజూ మెట్లెక్కిన పిల్లలకు ముప్పు ఎక్కువ. ఎగుడుదిగుడుగా ఉన్న మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగినవాటికి తక్కువ. పిల్ల మన ఇంటికి వచ్చేది సాధారణంగా 2 నెలలకు. అంటే కీలకమైన కాలంలో సగానికి పైగా పెంపకందారు దగ్గరే గడిచిపోతుంది.

కాబట్టి తప్పంతా మాది కాదు. కొంత తెలియనితనం మాత్రం మాదే. పిల్లను కొనేటప్పుడు తల్లిదండ్రుల తుంటి ఎక్స్-రేలు చూపించమని మేం అడగలేదు. అడగాలని తెలియదు.

కోయాలా, ఆగాలా?

శస్త్రచికిత్సలున్నాయి. వాటిలో కొన్నింటికి వయసు గడువు ఉంది. తల్లిదండ్రులను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ గడువే.

మొదటిది 4, 5 నెలల లోపు చేసేది. కటి వలయం కింది భాగంలోని ఎదుగుదల పలకను విద్యుత్ వేడితో ఆపేస్తారు. మిగిలిన వలయం పెరిగే కొద్దీ గిన్నెలు తిరిగి బంతుల మీదకు కప్పుకుంటాయి. చిన్న ఆపరేషనే, కానీ ఆ వయసులో పిల్లకు లక్షణాలు కనిపించడం అరుదు. ముందుగా పరీక్ష చేయిస్తేనే అవకాశం దొరుకుతుంది. రెండోది సాధారణంగా 10 నెలల లోపు, అరుగుదల మొదలు కాకముందు చేసేది. కటి ఎముకను కోసి, గిన్నెను తిప్పి ప్లేటుతో బిగిస్తారు. మూడోది తొడ ఎముక తలను తీసేయడం. ఆ చోట కండరాలు, నారపొర కలిసి నకిలీ కీలులా పనిచేస్తాయి. తేలికపాటి కుక్కల్లో ఇది బాగా కుదురుతుంది. నాలుగోది మొత్తం కీలు మార్పిడి. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ మనుషులకు విజయవంతంగా చేసిన తుంటి మార్పిడి వంటిదే. ఎదుగుదల పూర్తయిన కుక్కలకు చేస్తారు. ఖర్చూ, నైపుణ్యమూ రెండూ ఎక్కువ కావాలి.

భీముడికి మొదటిదాని గడువు దాటిపోయింది. గిన్నె అంచుల్లో అరుగుదల గుర్తులు అప్పటికే ఉన్నాయి కాబట్టి రెండోది పనికిరాదన్నారు. ఇలాంటప్పుడు రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు. సాల్ట్ లేక్‌కు దగ్గరలోని బెల్గాచియాలో 1893లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. ఇప్పుడది పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయంలో భాగం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో కూడా పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి.

ఆగి చూడడం చేతులు ముడుచుకోవడం కాదని తెలిశాక మాకు ధైర్యం వచ్చింది. ఈ జబ్బులో నొప్పికి రెండు దశలుంటాయి. 5 నుంచి 12 నెలల మధ్య కీలు పొర సాగడం వల్ల, అంచుల పగుళ్ళ వల్ల వచ్చేది మొదటిది. ఏడాది దాటే సమయానికి పొర మందమై, కీలు కొంత బిగుసుకుని, చాలా కుక్కలకు నొప్పి దానంతటదే తగ్గుతుంది. అరుగుదల పెరిగి పెద్ద వయసులో వచ్చేది రెండోది. 1987లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం, చిన్న వయసులో జబ్బు బయటపడి శస్త్రచికిత్స లేకుండా పెరిగిన 68 కుక్కలను పరిశీలించింది. వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులకు కొన్నేళ్ళ తరువాత నడకలో లోపం కొద్దిగానే ఉంది. మిగిలిన నాలుగో వంతును మరిచిపోకూడదు. నొప్పి అదుపులోకి రాకపోతే ఆపరేషన్ గురించి మళ్ళీ ఆలోచించాల్సిందే.

ఇంట్లో చేయగలిగినవి

మొదటిది బరువు. భీముణ్ణి 28 నుంచి 25 కిలోలకు తేవాలన్నారు. 3 కిలోలే కదా అనిపిస్తుంది. కావడి లెక్కలో అది ప్రతి అడుగులో ఒక్కో తుంటిపై 5 కిలోలు. వేలు పెట్టి చూస్తే పక్కటెముకలు తెలియాలి, పై నుంచి చూస్తే నడుము కనిపించాలి. నెయ్యి మానేశాం, తిండి కొలిచి పెట్టాం. భీముడని పేరు పెట్టుకున్నవాడికి ఆకలితో కూర్చోవడం ఎంత కష్టమో వాడి కళ్ళే చెప్పేవి. సొరకాయ, క్యారెట్ ముక్కలు ఉడికించి కలిపితే కొంత సర్దుకున్నాడు.

రెండోది నేల. నునుపు నేల మీద ఘర్షణ తక్కువ. కాలు పక్కకు జారిన ప్రతిసారీ బంతి గిన్నెలోంచి జరుగుతుంది. వాడు తిరిగే దారి పొడుగునా రబ్బరు చాపలు పరిచాం. పంజా అడుగున పెరిగే వెంట్రుకలు, గోళ్ళు కత్తిరిస్తే పట్టు పెరుగుతుంది. మెట్లకు అడ్డంగా చిన్న గేటు పెట్టాం.

మూడోది కదలిక. కట్టేసి ఉంచడం పరిష్కారం కాదు. కండరం తగ్గితే కీలుకు ఆసరా పోతుంది. బంతి వెంట పరుగులు, ఎగిరి దూకడం, గిర్రున తిరగడం వద్దు. పట్టీ పట్టుకుని రోజూ ఒకే సమయంపాటు, గడ్డి నేల మీద, మెల్లగా నడిపించాలి. హుగ్లీ నది ఇసుక మట్టితో ఉప్పు చిత్తడిని పూడ్చి కట్టిన సాల్ట్ లేక్ నేల అంతా చదునే. బ్లాకు బ్లాకుకూ పార్కు ఉంది. ఈ జబ్బున్న కుక్కకు ఇంతకన్నా అనువైన ఊరు దొరకదు.

నాలుగోది నీళ్ళు. ఆర్కిమెడిస్ సూత్రం ఇక్కడ వైద్యమవుతుంది. కుక్క తుంటి ఎత్తు దాకా నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు నేల మీది బరువులో 38 శాతమేనని కొలిచారు. మోకాలి ఎత్తు నీళ్ళలో అది 85 శాతం. కాబట్టి నీళ్ళు లోతుగా ఉంటేనే లాభం. శుభ్రమైన నీళ్ళే కావాలి. వానాకాలంలో వీధిలో నిలిచిన నీళ్ళలోకి దింపితే లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది.

ఐదోది మందు. "నా మోకాళ్ళ మాత్ర సగం వెయ్యకూడదూ?" అంది అమ్మ. ప్రేమతో చేసే ఈ పని కుక్క ప్రాణం తీయవచ్చు. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు, రక్తస్రావం తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అమ్మ డబ్బాలో ఉన్నది డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తినే మన రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఒక ప్రాణికి మందు ఇంకొక ప్రాణికి విషం కావచ్చు. కుక్కలకు మెలోక్సికామ్, కార్ప్రొఫెన్ వంటివి పశువైద్యుడే బరువు చూసి రాయాలి. ఎక్కువ కాలం వాడితే రక్త పరీక్షలూ చేయించాలి. స్టెరాయిడ్లతో వీటిని కలపకూడదు.

కీళ్ళ బలానికని దుకాణాల్లో అమ్మే గ్లూకోసమైన్ గురించి కూడా చెప్పాలి. 2022లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలో కుక్కల కీళ్ళ నొప్పికి అది పనిచేస్తున్న ఆధారం కనిపించలేదు. చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులకు మాత్రం మంచి ఫలితాలున్నాయి. ఈ మాట చెప్పగానే కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు కాకిమా చేప తలకాయతో సిద్ధమయ్యారు. ముళ్ళ సంగతి చెప్పి ఆపాల్సి వచ్చింది. వైద్యుడు చెప్పిన మోతాదులో చేప నూనె ఇస్తున్నాం.

కొనబోయేవారికి నాలుగు మాటలు

పిల్లను చూసి మనసు పారేసుకునే ముందు తల్లి, తండ్రి రెండింటి తుంటి ఎక్స్-రేలు అడగండి. "వాటి నడక చూడండి, ఎంత బాగుందో" అన్నది జవాబు కాదు.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదై ఉండాలి. 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. నమోదు పత్రం చూపించమనండి.

పెద్ద జాతి పిల్ల అయితే 4 నెలల వయసులో ఒకసారి తుంటి పరీక్ష చేయించండి. అప్పటికి అన్ని దారులూ తెరిచే ఉంటాయి.

కుందేలు గెంతు, లేవడానికి తంటాలు, మెట్ల దగ్గర ఆగిపోవడం కనిపిస్తే వీడియో తీసి వైద్యుడికి చూపించండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో ఉన్న కుక్క ఇంట్లో నడిచినట్టు నడవదు.

భీముడికి ఇప్పుడు 15 నెలలు. బరువు 25 కిలోల దగ్గర నిలిచింది. మాత్ర రోజూ అవసరం పడడం లేదు. చలి ఉదయాల్లో లేవడానికి కాస్త సమయం తీసుకుంటాడు. కుందేలు గెంతు తగ్గింది. ఎప్పుడైనా కనిపిస్తే ఆ రోజు నడక సగమే. ఏడాదికోసారి ఎక్స్-రే తీసి చూద్దామన్నారు. తుంటి మార్పిడి అన్న మాట ఇంకా మా లెక్కల్లోంచి పోలేదు. దానికోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం.

కాకిమాకు రెండేళ్ళ కిందట మోకాలి మార్పిడి అయింది. ఆవిడా మెట్లెక్కరు, వాడూ ఎక్కడు. పగలంతా ఇద్దరూ కింది వరండాలోనే ఉంటున్నారు. సాయంత్రం ఆవిడ కర్ర తీసుకుని లేచే సమయానికి వాడు కూడా ముందు కాళ్ళు చాచి, మెల్లగా లేచి నిలబడతాడు. ఇద్దరూ కలిసి పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తారు. వైద్యుడు రాసిన నడక అంతే.